మిట్ట మీది బ్యాటరీ

టార్చిలైటును ఎవరైనా ‘బ్యాటరీ’ అంటే గిరిధర్‌కు ఒళ్ళు మండేది. ఆదోనిలో పుట్టి పెరిగినవాళ్ళందరూ అనే మాటే అది. చీకట్లోకి పోతుంటే ‘బ్యాటరీ తీసుకో’ అంటారు, దారి కనపడకపోతే ‘బ్యాటరీ వెయ్’ అంటారు. అతని తల్లి కన్యకమ్మ అయితే పుట్టినప్పటి నుంచీ ఇంకో మాట ఎరుగదు.

“బ్యాటరీ అంటే లోపల వేసేదమ్మా. దీన్ని ఫ్లాష్‌లైటు అనాల” అని అతను ప్రతిసారీ సరిదిద్దేవాడు.

“లోపలేసేదేదో బయట వెలిగేదేదో నాకెందుకురా! నా మాత్ర మంచం కిందికి దొర్లింది. ఆ బ్యాటరీ ఇట్లా వెయ్” అనేది ఆమె.

గిరిధర్‌ది పత్తి మండీ. తాత నుంచి వచ్చిన వ్యాపారం. పత్తి మీద అతనికి ద్వేషమేమీ లేదుగానీ, ప్రేమ మాత్రం టార్చిలైట్ల మీదే. వంటింటి పక్క గదిలో అతని భార్య పావని తన పెళ్ళినాటి ఇత్తడి గిన్నెలు పెట్టుకున్న బీరువాలో పై అర మొత్తం వాటికే ఇచ్చేయాల్సి వచ్చింది. బొటనవేలంత వాటి దగ్గర నుంచి మోచేయంత వాటి దాకా ఉన్నాయి. పావనికి కోపం లేదు. ఊళ్ళో మగవాళ్ళకున్న అలవాట్లు తలుచుకుంటే ఇది మేలే అనుకునేది. వారానికోసారి వాటిని మెత్తటి గుడ్డతో తుడిచి, పొట్టివి ముందు, పొడుగువి వెనక పెట్టేది. బీఎస్సీ చదివిన మనిషి, ఏ పనైనా వంక లేకుండా చేయాలని ఆమె తపన. ఏది ఎంత బరువో, దేని అద్దం మీద ఎక్కడ గీత పడిందో గిరిధర్ కంటే ఆమెకే ఎక్కువ తెలుసు. కానీ ఒక్కదాన్నీ ఆమె ఎప్పుడూ వెలిగించి ఎరగదు.

కైరుప్పలలో ఉగాది మరునాటి పిడకల కొట్లాట అయిపోయిన వారం అది. ఎండలు ముదిరిపోయాయి. సాయంత్రం పావని వసారాలో కూర్చొని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. గిరిధర్ ఫోను పట్టుకొని వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. అతని మాదిరి టార్చిలైట్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా వాట్సాప్‌లో ఒక గుంపు కట్టుకున్నారు. అందులో బళ్ళారి డాక్టరొకాయన ఉన్నాడు, విశాఖపట్నం నుంచి ఓడల్లో పనిచేసే ఆయన ఉన్నాడు. ఆ గుంపుకు ఒక కంపెనీ నుంచి కబురొచ్చింది. కొత్తది తయారుచేస్తున్నారట, అందులో ఏమేమి ఉండాలో మీరే చెప్పండి అని.

“మనల్ని అడిగినారు పావనీ! తయారుచేసేవాళ్ళు మనల్ని అడిగినారు!”

“ఏం చెప్తారు మరి?”

“ఫస్టు, దూరం. అందరూ లుమెన్లు లుమెన్లు అని కొట్టుకుంటారు. లుమెన్లంటే బిందెలో ఎన్ని నీళ్ళున్నాయనే లెక్క అంతే. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే ఎంత దూరం చిమ్ముతుందో చూడు, అది వేరే. అది కావాల మాకు. వెడల్పుగా పరుచుకునే వెలుగు ఎవనికి కావాల? సూదిలాగా పోయి తగలాల.”

“ఊఁ.”

“రెండోది, రంగు. నీలంగా కొట్టే వెలుగు వద్దు. పత్తి మీద వేస్తే పత్తి రంగే కనపడాల. పసుపు మచ్చ ఉంటే మచ్చలాగే కనపడాల. పగలు ఎట్లా ఉంటుందో అట్లా.”

“అది మంచిదే. చీరలు కొనేటప్పుడు పనికొస్తుంది.”

“మూడోది, మిణుగురంత వెలుగు. అన్నిటికంటే తక్కువ. పక్కన పడుకున్నవాళ్ళకు మెలకువ రాకూడదు.”

“మీ దగ్గర ఉన్నవాటిలో అది ఉంది గదా. ఎప్పుడైనా వాడినారా?”

“లేదు.”

“మరి?”

“ఉండాలప్పా! ఉండాల అంతే.”

పావని నవ్వుకుంది. అతను చేతిలోని కొత్త టార్చిని ఆమె ముందుకు చాపాడు. నల్లగా, బరువుగా, మూతి వెడల్పుగా ఉంది. “నాలుగోది బటన్. ఒకటే ఉండాల, అన్నీ దాంతోనే జరగాల. ఇదిగో, ఒకసారి నొక్కితే వెలుగుతుంది. ఇంకోసారి నొక్కితే ఆరిపోతుంది. గబగబా రెండుసార్లు నొక్కితే టర్బో, అంటే దాని బలమంతా బయటికొస్తుంది. మూడుసార్లు నొక్కితే టపటపా కొట్టుకుంటుంది. దొంగ వస్తే కళ్ళు బైర్లు కమ్మాల.”

పావని పొట్టు ఊదడం ఆపింది. “ఆర్పాలంటే మెల్లగా ఒకేసారి నొక్కాలన్నమాట.”

“అంతే.”

“కంగారులో ఉండే మనిషి ఒకేసారి నొక్కుతాడా?”

“కంగారు పడేవాళ్ళు ఇట్లాంటివి కొనరులే” అన్నాడు గిరిధర్.

ఉత్త మాటలు రాస్తే ఎవరు పట్టించుకుంటారు, వీడియో కూడా పంపాలని అతని కోరిక. ఎమ్మిగనూరు రోడ్డులో ఊరు దాటినాక వాళ్ళకొక ఖాళీ స్థలం ఉంది. మిట్ట నేల, అక్కడ నిలబడితే చుట్టూ చాలా దూరం కనపడుతుంది. మరుసటి రోజు పొద్దు గుంకుతుండగా ఇద్దరూ కారులో అక్కడికి పోయారు. ఫోను కదలకుండా పట్టుకోవాలంటే అతనికి రెండు చేతులూ కావాలి. కాబట్టి టార్చి పావని చేతికొచ్చింది.

“ఆ కంపచెట్లు కనపడుతున్నాయా? వంక అవతల. వాటి మీద వెయ్. కదిలించొద్దు.”

మిట్టకూ ఆ చెట్లకూ మధ్య రెండు చేలు, ఒక ఎండిన వంక. చెట్లకు అవతల ఒక చిన్న ఊరు. పావని ఇంట్లో పని చేసే మద్దమ్మది ఆ ఊరే. ఆ సంగతి పావనికి తెలుసు. తెలిసినా ఆ వేళ గుర్తుకు రాలేదు.

ఆమె బటన్ నొక్కింది. తెల్లటి కడ్డీ లాంటి వెలుగు చేలను దాటి, వంకను దాటి పోయి కంపచెట్లకు తగిలింది. అబ్బా అనిపించింది. అంత దూరాన ఉన్న చెట్టు కొమ్మలు చేతికందేటట్టు ఉన్నాయి. తన చెయ్యి అంత పొడుగు సాగినట్టు ఆమెకు ఒక చిత్రమైన సంతోషం కలిగింది.

అప్పుడు చెట్ల ముందర నేల మీద నుంచి ఒక మనిషి లేచి నిలబడింది. పక్కనే ఇంకొకరు లేచారు. ఆ పక్కన ఇంకొకరు. వరసగా ఆడవాళ్ళు. లేచినవాళ్ళు లేచినట్టే వీపులు ఇటు తిప్పి, కొంగులు తల మీదికి లాక్కొని, కదలకుండా నిలబడ్డారు. ఒక్కతి మాత్రం, చిలకపచ్చ చీర కట్టిన పిల్ల, వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో తెలియక ఇటే చూస్తూ నిలబడింది.

“అరె, మనుషులు! మనుషులు కూడా కనపడుతున్నారు!” గిరిధర్ గొంతులో పట్టరాని సంబరం. “మన వెలుగు చూసి లేచినారు చూడు! కదిలించొద్దు, కదిలించొద్దు!”

పావనికి అర్థమైంది. ఆమె పుట్టిల్లు హొళగుంద. పెళ్ళయ్యేదాకా వాళ్ళ ఇంట్లో మరుగుదొడ్డి లేదు. దీపాలు పెట్టే వేళకు అమ్మతో, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో చెంబు పట్టుకొని రోడ్డు పక్క చేలోకి పోయేది. దూరాన లారీ లైట్లు కనపడగానే అందరూ లేచి, వీపులు తిప్పి, మొహాలు కప్పుకొని నిలబడేవాళ్ళు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. లారీ పోయాక మళ్ళీ కూర్చునేవాళ్ళు.

లారీ అయితే దాని దారిన అది పోతుంది. ఈ వెలుగు పోవడం లేదు.

అది తెలిసిన తరువాత కూడా పావని చెయ్యి ఒక క్షణం కదల్లేదు. కదిలించొద్దని ఆయన అన్నాడు, ఆమె కదిలించలేదు. తరువాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమె ఆ క్షణం దగ్గరే ఆగిపోయేది.

ఆ క్షణం గడిచాక వేలు బటన్ మీద పడింది. కంగారులో అది ఒకసారి నొక్కి ఊరుకోలేదు. వెలుగు ఆరలేదు సరికదా, భగ్గుమని రెట్టింపైంది. చిలకపచ్చ చీర అంచు కూడా కనపడింది. ఆమె గాబరాగా మళ్ళీ మళ్ళీ నొక్కింది. వెలుగు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ మినుకుల్లో ఆడవాళ్ళు చెల్లాచెదురుగా పరుగెత్తడం ముక్కలు ముక్కలుగా కనపడింది. చివరికి ఆమె టార్చి మూతిని తన పొట్టకేసి నొక్కుకుంది. చీర పైనుంచే చురుక్కుమంది.

“ఏమైంది? బాగా వస్తావుంటే!” అన్నాడు గిరిధర్.

“పోదాం పదండి.”

కారులో అతను మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె అతనికి ఎట్లా చెప్పాలి? ఆ పనికి పేరు పెట్టి మగవాళ్ళ ముందర ఆడవాళ్ళు అనరు. ‘బయటికి పోవడం’ అంటారు, అదీ గొంతు తగ్గించి. ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కొని, దేవుని ముందు దీపం పెట్టిన తరువాత వంటింట్లోకి అతన్ని పిలిచి చెప్పింది. అప్పటికే అతను వీడియో గుంపులో పెట్టేశాడు. ఎవరో రాశాడు కూడా: ‘అన్నా, ఆ పచ్చచీర పాప నీ లైటుకు అటెన్షన్‌లో నిలబడింది!’ దాని కింద గిరిధర్ పంపిన నవ్వు మొహం ఉంది.

అతని చెవులు ఎర్రబడ్డాయి. వీడియో తీసేశాడు. ఎవరైనా దాచుకొని ఉంటే దయచేసి తుడిచేయండి, పొరపాటైంది అని రాశాడు. కొందరు బొటనవేలు ఎత్తి చూపించారు. కొందరు ఏమీ అనలేదు.

“ఎవరన్నా అడిగితే నేనే వేసినానని చెప్పు” అన్నాడు చివరికి, ఆమె మొహం చూడకుండా.

*

పొద్దున మద్దమ్మ ఆలస్యంగా వచ్చింది. వచ్చీ రాగానే పెరట్లో అంట్లగిన్నెల ముందు కూర్చొని బూడిద, పీచు అందుకుంది. వసారాలో జపమాల తిప్పుకుంటున్న కన్యకమ్మ పలకరించింది.

“ఏమే మద్దమ్మా, ఇంత పొద్దెక్కి వచ్చినావు?”

“ఏం సెప్పల్ల పెద్దమ్మా! రాత్రంతా కన్ను మూసుంటే ఒట్టు. నిన్న సందకాడ ఎవురో సచ్చినోళ్ళు మా ఆడోళ్ళ మింద బ్యాటరీ ఏసినారు.”

వంటింట్లో కూర తరుగుతున్న పావని చెయ్యి కత్తిపీట మీద ఆగింది.

“అయ్యో, యాడే?”

“ఆ వంక కాడ. యాడికి పోతాం మరి? గవుర్మెంటోళ్ళు లెట్రిను గది కట్టిచ్చినారు, నీళ్ళెవురిచ్చినారు? ట్యాంకరొచ్చేది ఎప్పుడో ఒగనాడు. తాగేదానికా, దాంట్లో పోసేదానికా? మా గదిలో కట్టెలేసుకున్యాం.” మద్దమ్మ గిన్నెను గట్టిగా రుద్దింది. “లేసి నిలబడితిమి. నిలబడితే పోతాదిలే అనుకుంటిమి. పోలే. ఇంగా ఎక్కువ జేసినారు. మళ్ళా పీర్లపండగ లైట్ల మాదిరి టపటపా టపటపా కొట్టినారు. ఎగతాళికి! ఏం మనుసులు పెద్దమ్మా? వాళ్ళకు అమ్మా ఆలీ లేరా?”

ఎగతాళి. పావని కంగారు వేలు అటువైపు నిలబడినవాళ్ళకు అట్లా కనపడింది.

“మా సునీత పరిగెత్తి కంపలో పడింది. నా కోడలు. కొత్త పిల్ల, సేతులంతా గీసుకుపోయినాయి. అది కాదు పెద్దమ్మా నా బాధ. నిన్నటి నుంచి మెతుకు ముట్టలే. నీళ్ళు గూడా తాగల్యా. ఈ ఎండల్లో! తాగే పిల్లా అంటే, ‘తాగితే మళ్ళా బయటికి పోవల్ల గదత్తా’ అంటాది.”

“శివశివా” అంది కన్యకమ్మ.

“నా కొడుకు గణేశు అగ్గి మాదిరి ఉండాడు. పంచరు షాపు రవికుమారు కాడ పెద్ద బ్యాటరీ ఉంది గదా, వాడేనంటాడు. ఈ పొద్దు పోయి వాని కాళ్ళిరగ్గొడతామని పిల్లోళ్ళంతా ఒగటైనారు.”

ఇప్పుడు చెప్పాలి, అనుకుంది పావని. లేచి పెరటి గుమ్మం దాకా వచ్చింది. ఇంతలో కన్యకమ్మ మాల పక్కన పెట్టి, కొడుకును మెచ్చుకునే సందు దొరికినప్పుడల్లా ఉండే వెలుగు మొహంతో అంది:

“పంచరు షాపువాని బ్యాటరీ అంత దూరం యాడ పడుతుందే! పడితే మా గిరి బ్యాటరీ పడల్ల. నిన్న సందకాడ మొగుడూ పెండ్లామూ మన మిట్ట కాడికి పోయి వేసి చూసుకొని వచ్చినారు. వంక అవతల దాకా పట్టపగలు మాదిరి...”

ఆ మాట అక్కడే ఆగిపోయింది. ముసలామెకు కూడా తట్టినట్టుంది. మాల మళ్ళీ చేతికి తీసుకుంది గానీ పూసలు కదల్లేదు.

పీచు రుద్దే చప్పుడు కూడా ఆగింది. మద్దమ్మ తలెత్తి పావనిని చూసింది. కోపంగా కాదు. లెక్క సరిచూసుకున్నట్టు చూసింది.

“ఆ బ్యాటరీ ఒగసారి సూపియ్యమ్మా.”

పావని బీరువా దగ్గరికి పోయి తెచ్చింది. మద్దమ్మ బూడిద చేతులు కడుక్కొని, పైటకు తుడుచుకొని అందుకుంది. బరువు చూసింది. “యాడ నొక్కల్ల?” పావని చూపించింది. మద్దమ్మ పెరటి గోడ నీడ పట్టున వెలుగు వేసి, గబగబా నొక్కింది. గోడ మీద వెలుగు టపటపా కొట్టుకుంది.

“ఇదే” అంది మద్దమ్మ. ఆర్పడం తెలియక టార్చిని అట్లాగే నేల మీద బోర్లించింది. దాని మూతి చుట్టూ మట్టి మీద వెలుగు సన్నటి వలయంగా కొట్టుకుంటూనే ఉంది. “నువ్వేసినావా, సావుకారి ఏసినాడా?”

తన పేరు చెప్పమని ఆయన అన్నాడు గదా. ఆ మాట పావని నాలుక చివర దాకా వచ్చింది. మింగేసింది.

“నేనే మద్దమ్మా.”

మద్దమ్మ మిగిలిన గిన్నెలు తోమింది. కడిగింది. ఒక్కొక్కటే గోడకు ఆనించి బోర్లించింది. పావని కదలకుండా గుమ్మంలోనే నిలబడి ఉంది. చివరి చెంబు పెట్టిన తరువాత మద్దమ్మ నడుం పట్టుకొని లేచింది.

“సావుకారి అయ్యుంటే బాగుండు” అంది. “మొగోడు, పట్నమోడు, వానికేం తెలుసులే అనుకుందును. నువ్వు హొళగుంద పిల్లవి గదమ్మా.”

*

పావని ఫోను చేస్తే గిరిధర్ మండీ నుంచి వచ్చేసరికి మద్దమ్మ, పావని వాకిట్లోనే నిలబడి ఉన్నారు. ముగ్గురూ కారులో మద్దమ్మ ఊరికి బయల్దేరారు. పంచరు షాపు దగ్గర గుంపు దూరం నుంచే కనపడింది. రవికుమార్ చొక్కాను గణేష్ పట్టుకొని ఉన్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి వేలాడుతోంది. పక్కన ఇంకో ముగ్గురు నలుగురు. ఒకని చేతిలో టైరు విప్పే రాడ్డు.

గిరిధర్ కారు దిగి నేరుగా వాళ్ళ మధ్యకు పోయాడు. “వాన్ని వదులు గణేషూ. ఆ బ్యాటరీ మాది” అన్నాడు. ఫ్లాష్‌లైటు అనలేదు.

గణేష్ చెయ్యి వదులైంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాడ్డు పట్టుకున్నవాడు దాన్ని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

“మీరా సావుకారీ?” గణేష్ నవ్వబోయి, నవ్వలేక, తల గోక్కున్నాడు. “మీరైతే... తెలీక ఏసింటారు లెండి. ఇంత దానికి మీరే వచ్చినారు యాలప్పా...”

కోపమంతా ఎటు పోయిందో పోయింది. పావని కారు తలుపు మీద చెయ్యి వేసి కూడా దిగలేదు. వాళ్ళు తిట్టి ఉంటే ఇంకోలా ఉండేదేమో.

రవికుమార్ చిరిగిన చొక్కాను భుజం మీదికి లాక్కున్నాడు. “బాగుంది గణేశన్నా నీ పంచాయితీ! నేనైతే ఎగతాళికి ఏసినట్టు, సావుకారైతే తెలీక ఏసినట్టు! నా బ్యాటరీ అంటే ఒగ మాదిరి ఎలుగుతాది, ఆయన బ్యాటరీ ఇంగో మాదిరి ఎలుగుతాదా?”

“తప్పయిపోయింది రవీ” అన్నాడు గిరిధర్. మెడ వంగిపోయింది.

“నాతో యాల సెప్తావు సావుకారీ? నా మింద ఏసినావా?” రవికుమార్ టైరు ముందు కూర్చొని పనిలో పడ్డాడు. “ఆ ఆడోళ్ళతో సెప్పుపో.”

గిరిధర్ ఊళ్ళోకి అడుగు వేయలేకపోయాడు. ఏ ఇంటి ముందు నిలబడి, ఏ ఆడమనిషితో, ఏమని మొదలుపెడతాడు? పావని దిగింది. మద్దమ్మ వెనకే నడిచింది. వీధి పొడుగునా ఆడవాళ్ళు గడపల్లో కూర్చొని ఉన్నారు. అప్పటికే కబురు తెలిసినట్టుంది. ఎవరూ పలకరించలేదు, ఎవరూ తిట్టలేదు. ఆమె దాటిపోయాక వెనక గుసగుసలు వినిపించాయి.

మద్దమ్మ ఇంట్లో ఒక మూల సునీత గోడకానుకొని కూర్చుంది. ఒంటి మీద అదే చిలకపచ్చ చీర. పందొమ్మిది ఇరవై యేళ్ళుంటాయి. చేతుల మీద గీరల నిండా పసుపు పూసి ఉంది. పెదవులు ఎండి పొట్టు లేచాయి. పక్కన నీళ్ళ చెంబు, దాని మీద గ్లాసు. ఎవరూ ముట్టలేదు.

పావని ఎదురుగా నేల మీద కూర్చుంది.

సునీతే అడిగింది, తలెత్తకుండా. “ఫోటో తీసినారా?”

“వీడియో తీసినాం.”

“నా మొగం కనపడిందా?”

లేదు అని ఒక్క మాట అంటే ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది. కానీ ఆ అబద్ధం ఆ పిల్లకోసమా, తనకోసమా? పావనికి తేల్చుకోవడం కష్టమైంది.

“కనపడింది” అంది.

“ఎవురెవురు సూసినారు?”

“ఆయన తెలిసినవాళ్ళు కొందరు. ఈ చుట్టుపక్కలవాళ్ళు కాదు. తీసేసినాం. తుడిచేయమని అందరికీ చెప్పినాం.” ఆగింది. “అందరూ తుడిచేసినారో లేదో నాకు తెలీదు సునీతా.”

సునీత గోడ వైపు మొహం తిప్పుకుంది. భుజాలు కదిలాయి. కాసేపటికి, వినీ వినపడనట్టు, “మా ఆయనకు సెప్పగాకండి” అంది.

“చెప్పను.”

మద్దమ్మ గ్లాసు నింపి కోడలి ముందు పెట్టింది. “తాగే. ఏసినోళ్ళు తెలిసిరి గదా, ఇంగెవురూ ఏయరు.”

సునీత గ్లాసు ముట్టలేదు. కళ్ళు తుడుచుకొని, మొదటిసారి పావని మొహంలోకి చూసింది.

“ఈ పొద్దు సందకాడ నువ్వు గూడా రా మాతో. నువ్వొస్తే తాగుతా.”

అది బతిమాలడమో, పందెమో, శిక్షో పావనికి తెలియలేదు. మద్దమ్మ కోడల్ని కసరబోయి ఆగిపోయింది.

“వస్తా” అంది పావని.

సునీత గ్లాసెత్తి గటగటా తాగింది. మళ్ళీ నింపుకొని తాగింది.

*

పొద్దు వాలేదాకా పావని కారులోనే కూర్చుంది. గిరిధర్ రోడ్డు పక్క వేపచెట్టు కింద బండి ఆపాడు. “లైట్లు వేయను. నువ్వు వచ్చేదాకా ఇక్కడే ఉంటా” అన్నాడు. తరువాత, “కంపెనీవాళ్ళకు ఇంకా ఏమీ రాయలేదు” అన్నాడు.

“రాయండి. కంగారులో ఎన్నిసార్లు నొక్కినా ఆరిపోయేది ఒకటి చేయమనండి.”

“నువ్వు అడిగినావు అప్పుడే” అన్నాడు అతను.

ఆడవాళ్ళు చెంబులు, ప్లాస్టిక్ సీసాలు పట్టుకొని ఊళ్ళో నుంచి వస్తున్నారు. మద్దమ్మ ఒక సీసా పావని చేతికిచ్చింది. పావని ఇస్త్రీ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని వాళ్ళ వెనక నడిచింది.

“జరగండే, సావుకారమ్మ వస్తాంది. దారిడవండి.”

“కుర్సీ ఏయల్లనేమో ఆమెకు!”

“సావుకారమ్మా, బ్యాటరీ మరిసిపోయి వచ్చినావా ఏం?”

గొల్లున నవ్వారు. పావని తల వంచుకొని నడిచింది. మొహం కాలిపోతోంది. సునీత నవ్వలేదు. నవ్వొద్దని వాళ్ళకు చెప్పనూ లేదు. పావని పక్కకు వచ్చి, ముళ్ళు లేని చోటు కాలితో చూపించింది.

అందరూ సర్దుకొని కూర్చున్నారు. మాటలు తగ్గాయి. నేల ఇంకా పగటి వేడితో ఉంది. చీకటి మెల్లగా ముసురుతోంది. ఎదురుగా, రెండు చేల అవతల, మిట్ట నల్లగా కనపడుతోంది. ఇక్కడి నుంచి చూస్తే అది ఎంత దగ్గరో! నిన్న అక్కడి నుంచి చూస్తే ఈ చోటు ఎంత దూరమనిపించింది!

ఎమ్మిగనూరు వైపు మలుపులో వెలుగు కనపడింది. లారీ. వెలుగు చెట్ల మీద పడి, జారి, చేల మీదుగా వాళ్ళ వైపు పాకుతూ వచ్చింది.

ఎవరైనా ఏదైనా అనేలోపే పావని లేచి నిలబడింది. అందరికంటే ముందే లేచింది. కాళ్ళు మర్చిపోలేదు. కానీ వీపు తిప్పడం మర్చిపోయింది. వచ్చే వెలుగును కళ్ళారా చూస్తూ అట్లాగే నిలబడిపోయింది. అది ఎట్లా ఉంటుందో, ఇటు నుంచి, ఇన్నేళ్ళ తరువాత.

వెనక నుంచి మద్దమ్మ చెయ్యి వచ్చి ఆమె కొంగు పట్టుకొని తల మీదికి లాగింది.

“మొగం కప్పుకో పిల్లా” అంది.